రోజువారీ వాడకానికి ఏ బ్రౌజర్, వెబ్ డెవలప్‌మెంట్‌కి ఏ బ్రౌజర్?

క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, బ్రేవ్, ఒపెరా, వివాల్డి... బ్రౌజర్ల పేర్లు చెప్పుకుంటూ పోతే చాలానే ఉన్నాయి. పేజీని చదివి తెర మీద గీసే ఇంజిన్లు మాత్రం లెక్కలోకి వచ్చేవి మూడే. గూగుల్ నడిపించే బ్లింక్, మొజిల్లా వాళ్ల గెకో, యాపిల్ వాళ్ల వెబ్‌కిట్. బ్రౌజర్ ఎంచుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఈ మూడింటినే. పైన ఉండే రంగులు, బటన్లు, సైడ్‌బార్లు తర్వాతి సంగతి.

క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్ అన్నీ బ్లింక్ మీదే నడుస్తాయి. ఒపెరాకి ఒకప్పుడు ప్రెస్టో అనే సొంత ఇంజిన్ ఉండేది, 2013లో దాన్ని వదిలేసింది. మైక్రోసాఫ్ట్ కూడా 2015లో సొంత ఇంజిన్‌తో ఎడ్జ్ తెచ్చి, 2020 జనవరికల్లా క్రోమియం (క్రోమ్‌కి పునాది అయిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్, బ్లింక్ అందులోదే) గూటికి చేరింది. అసలు బ్లింక్ కూడా 2013లో వెబ్‌కిట్ నుంచి విడిపోయి పుట్టిందే. గెకో మీద నడిచే వాటిలో అందరికీ తెలిసినవి ఫైర్‌ఫాక్స్, దాని మీద కట్టిన, ఎవరన్నది తెలియకుండా నెట్ వాడటానికి పనికొచ్చే టోర్ బ్రౌజర్. వెబ్‌కిట్ అంటే సఫారీ. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల నడిచేది వెబ్‌కిట్టే, ఎందుకంటే యాపిల్ నియమం అలాంటిది. యూరోపియన్ యూనియన్ చట్టం వల్ల 2024లో అక్కడివాళ్లకి ఆ నియమం సడలించారు.

కాబట్టి క్రోమ్ నచ్చక ఎడ్జ్‌కి మారితే సైట్లు పనిచేసే తీరులో తేడా ఏమీ ఉండదు, చుట్టూ ఉన్న సరంజామా మారుతుంది అంతే. క్రోమ్ నుంచి ఫైర్‌ఫాక్స్‌కి వెళ్తేనే నిజంగా బ్రౌజర్ మారినట్టు.

రోజువారీ వాడకం

వేగం గురించి ముందే తేల్చేద్దాం. మామూలు వాడకంలో ఈ మూడు ఇంజిన్ల మధ్య తేడా కంటికి కనిపించేంత ఉండదు. పేజీ మెల్లగా వస్తోందంటే ఎక్కువసార్లు తప్పు ఆ పేజీదే, అది మోసుకొచ్చే ప్రకటనలదీ ట్రాకర్లదీ. మంచి యాడ్ బ్లాకర్ పెట్టుకుంటే వచ్చే వేగం ముందు బ్రౌజర్ మార్చితే వచ్చే వేగం ఏ మూలకీ చాలదు.

"క్రోమ్ ర్యామ్ అంతా తినేస్తుంది" అనే మాట కూడా ఇప్పుడు సగమే నిజం. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, ఒక సైట్ డేటా ఇంకో సైట్ చదవకుండా ఉండాలని క్రోమ్ ఒక్కో సైట్‌ని విడి ప్రాసెస్‌లో నడపడం మొదలుపెట్టింది. భద్రత పెరిగింది, దానికి మెమరీ రూపంలో ధర కట్టాల్సి వచ్చింది. తర్వాత ఫైర్‌ఫాక్స్ కూడా అదే బాట పట్టింది. అందుకే ముప్పై ట్యాబ్‌లు తెరిస్తే ఏ బ్రౌజరైనా ఆయాసపడుతుంది. అసలు తినేస్తున్నది ఎవరో తెలియాలంటే క్రోమ్‌లోనూ, ఎడ్జ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ మెనూలోని మోర్ టూల్స్ కింద టాస్క్ మేనేజర్ ఉంటుంది, చూడండి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత లాగుతోందో వరుసగా చూపిస్తుంది. చాలాసార్లు దొంగ ఒక్కటే ట్యాబ్ అయి ఉంటుంది. వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చే సదుపాయం ఎడ్జ్‌లోనూ, క్రోమ్‌లోనూ ఉంది, ఆన్‌లో ఉందో లేదో సెట్టింగ్స్‌లో చూసుకుంటే చాలు.

నా దృష్టిలో రోజువారీ బ్రౌజర్‌ని తేల్చేది యాడ్ బ్లాకర్. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నియమాలని మ్యానిఫెస్ట్ వీ3 పేరుతో మార్చింది. పాత పద్ధతిలో యాడ్ బ్లాకర్ ప్రతి రిక్వెస్ట్‌నీ మధ్యలో ఆపి, పరిశీలించి, పంపాలో వద్దో తనే నిర్ణయించేది. కొత్త పద్ధతిలో నియమాల జాబితా ముందుగా బ్రౌజర్‌కి ఇచ్చి పక్కకి తప్పుకోవాలి. ఆ నియమాల సంఖ్యకీ పరిమితి ఉంది. 2024, 2025 మధ్య పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లని క్రోమ్ ఆపేసింది. దాంతో యూబ్లాక్ ఆరిజిన్ అనే పేరున్న యాడ్ బ్లాకర్ క్రోమ్‌లో పనిచేయడం మానేసి, దాని స్థానంలో లైట్ అనే తేలిక వెర్షన్ మిగిలింది. లైట్ కూడా చాలా ప్రకటనలని ఆపుతుంది, కాదనను. కానీ సొంత నియమాలు వివరంగా రాసుకునేవాళ్లకి అసలుదే మేలు. ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతిని కొనసాగిస్తానని చెప్పింది, అక్కడ పూర్తి వెర్షన్ నడుస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో కూడా నడుస్తుంది. ఫోన్‌లో వార్తల సైట్లు చదివేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు.

బ్రేవ్ దారి వేరు. దాని బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ కాదు, బ్రౌజర్ లోపలే ఉంటుంది. అందుకే గూగుల్ నియమాలు దానికి అడ్డు కావు. వేసుకున్న నిమిషం నుంచే ప్రకటనలు మాయం. సెట్టింగ్స్ జోలికి వెళ్లని వాళ్లకి, ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌కి ఇది భేషుగ్గా ఉంటుంది. క్రిప్టో వాలెట్, రివార్డ్స్ లాంటివి మొదటి రోజే ఆపేయండి. 2020లో క్రిప్టో సైట్ల అడ్రస్ టైప్ చేస్తుంటే బ్రేవ్ తన రెఫరల్ కోడ్‌ని (కమీషన్ తెచ్చే గుర్తుని) చివర తగిలించడం బయటపడింది. కంపెనీ తప్పు ఒప్పుకుని మార్చింది కానీ, ప్రైవసీ పేరు చెప్పుకునే బ్రౌజర్ అలా చేయడం కొంతమందికి ఇప్పటికీ మింగుడుపడదు.

ట్రాకింగ్ విషయంలో సఫారీ చాలా కఠినం. ఒక సైట్‌లో ఉండగా వేరే కంపెనీలు పెట్టే థర్డ్ పార్టీ కుకీలని 2020 మార్చి నుంచే పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ప్రతి సైట్ కుకీలకీ విడి డబ్బా కేటాయించి, ఒకరి డబ్బాలోకి ఇంకొకరు తొంగిచూడకుండా చేసింది. క్రోమ్ కూడా ఈ కుకీలని తీసేస్తానని 2020లో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి ఆ ఆలోచననే విరమించుకుంది. గూగుల్ ఆదాయంలో పెద్ద వాటా ప్రకటనలది కదా, ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. ఇన్‌కాగ్నిటోని మాత్రం ఈ లెక్కలో వేయకండి. అది మీ కంప్యూటర్‌లో చరిత్ర మిగలకుండా చేస్తుంది, అంతే. మీరు వెళ్లిన సైట్‌కి, మీ నెట్‌వర్క్ నడిపేవాళ్లకి మీరు కనిపిస్తూనే ఉంటారు.

అలాగని క్రోమ్‌ని తీసిపారేయడానికి లేదు. ఏ సైటైనా ముందు పరీక్షించేది క్రోమ్‌లోనే. కొన్ని ఆఫీస్ పోర్టళ్లు, ఆన్‌లైన్ పరీక్షల సైట్లు క్రోమ్ తప్ప ఇంకోటి ఒప్పుకోవు. ప్రమాదకరమైన లోపం దొరికితే దానికి మందు కూడా ముందు క్రోమ్‌కే వస్తుంది, దాని మీద కట్టిన మిగతా బ్రౌజర్లకి కాస్త తర్వాత చేరుతుంది. ఫైర్‌ఫాక్స్ ప్రధానంగా వాడేవాళ్లు కూడా పక్కన ఒక క్రోమియం బ్రౌజర్ ఉంచుకోక తప్పదు. ఆ పక్క బ్రౌజర్‌గా విండోస్‌లో ఎడ్జ్ ఎలాగూ ఉంది. నిలువు ట్యాబ్‌లు, పీడీఎఫ్ మీద గీతలు గీసుకునే సదుపాయం బాగుంటాయి. కూపన్లు, సైడ్‌బార్, "దీన్నే డిఫాల్ట్ చేసుకోండి" అనే బతిమాలుళ్లు మాత్రం విసుగు పుట్టిస్తాయి. ఆపేయొచ్చు, కానీ సెట్టింగ్స్‌లో నాలుగైదు చోట్ల వెతకాలి.

మ్యాక్ వాడేవాళ్లకి బ్యాటరీ ముఖ్యమైతే సఫారీనే. వివాల్డి అంటారా, ట్యాబ్‌లని దొంతర్లుగా పేర్చడం, ఒకే కిటికీలో రెండు మూడు పేజీలు పక్కపక్కన పెట్టుకోవడం లాంటి వాటితో తోచినట్టు మార్చుకోవాలనుకునే వాళ్లకి స్వర్గం, మిగతావాళ్లకి గందరగోళం. ఒపెరాలో ఉచితంగా ఇచ్చే వీపీఎన్ ఆ బ్రౌజర్ వరకే పనిచేసే ప్రాక్సీ, కంప్యూటర్‌లోని మిగతా యాప్‌లకి అది వర్తించదు. టోర్ బ్రౌజర్ అవసరం ఉన్నవాళ్లకి అది ఎందుకో తెలిసే ఉంటుంది, రోజువారీ పనికి మాత్రం అది నెమ్మది.

కోడ్ రాసేవాళ్ల సంగతి

ఇక్కడ మొదటి సలహా ఏ బ్రౌజర్ వాడాలన్నది కాదు. రోజూ వాడే బ్రౌజర్‌లో, అదే ప్రొఫైల్‌లో డెవలప్‌మెంట్ చేయకండి.

ఎందుకో చెప్తాను. పేజీలో ఒక బ్యానర్ కట్టి దాని క్లాస్‌కి యాడ్-బ్యానర్ అని పేరు పెట్టారనుకోండి. కోడ్ సరిగ్గానే ఉంది, హెచ్‌టీఎంఎల్‌లో ఉంది, తెర మీద లేదు. అరగంట సీఎస్‌ఎస్‌తో కుస్తీ పట్టాక తెలుస్తుంది, దాన్ని దాచింది మీ యాడ్ బ్లాకరే అని. లేదా రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో కట్టిన ప్రాజెక్ట్ నడుపుతుంటే, సర్వర్ పంపిన పేజీకీ బ్రౌజర్‌లో ఉన్నదానికీ పొంతన లేదంటూ కన్సోల్‌లో ఎర్రగా హెచ్చరిక వస్తుంది. తీరా చూస్తే స్పెల్లింగ్ సరిచూసే ఎక్స్‌టెన్షన్ ఒకటి బాడీ ట్యాగ్‌కి తన సొంత ఆట్రిబ్యూట్లు తగిలించి ఉంటుంది. ఇలాంటి బగ్‌లు వెతికినా కోడ్‌లో దొరకవు, ఎందుకంటే కోడ్‌లో లేవు. ఎక్స్‌టెన్షన్లు ఏమీ లేని కొత్త ప్రొఫైల్ ఒకటి పని కోసం చేసుకోండి. ప్రొఫైల్‌కి వేరే రంగు పెడితే పొరపాటున ఒకదానికొకటి కలవవు.

ఇక టూల్స్. జావాస్క్రిప్ట్ ఎక్కడ మందగిస్తోందో పట్టుకోవాలంటే క్రోమ్ డెవ్‌టూల్స్‌కి (బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ పనిముట్లకి) సాటి లేదు. పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డ్ చేసి, సీపీయూని కావాలని నెమ్మదింపజేసి, నాసిరకం ఫోన్‌లో మీ పేజీ ఎలా కుంటుతుందో మీ టేబుల్ మీదే చూడొచ్చు. డౌన్‌లోడ్ అయిన స్క్రిప్ట్‌లో ఎంత భాగం అసలు వాడుకలోకి రాలేదో కవరేజ్ ప్యానెల్ చూపిస్తుంది. ఇది ఒకసారి చూస్తే, అవసరం లేకున్నా లాగేసుకున్న లైబ్రరీలు గుర్తొచ్చి కాస్త సిగ్గేస్తుంది. సర్వర్ ఫైల్‌ని ముట్టుకోకుండా దాని స్థానంలో మీ కంప్యూటర్‌లోని ఫైల్‌ని పెట్టి పరీక్షించే లోకల్ ఓవర్‌రైడ్స్, నాణ్యతని అంచనా వేసే లైట్‌హౌస్, ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి దానిలోని పేజీని ఇక్కడ తెరిచి చూసే సదుపాయం, అన్నీ ఉన్నాయి. ఎడ్జ్‌లోనూ దాదాపు ఇవే.

లేఅవుట్ పనికి మాత్రం నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కి. మీరు రాసిన ప్రాపర్టీ పనిచేయకపోతే దాన్ని మసకగా చూపించి, పక్కన గుర్తు మీద మౌస్ పెడితే కారణం చెప్తుంది: ఇది ఫ్లెక్స్ కంటెయినర్ కాదు, గ్రిడ్ కాదు, అందుకే అలైన్ ఐటమ్స్‌కి ఇక్కడ విలువ లేదు అని. క్రోమ్ కూడా తర్వాత ఇలాంటి సూచనలు తెచ్చింది, కానీ 2019లో మొదలుపెట్టింది ఫైర్‌ఫాక్స్. నెట్‌వర్క్ ప్యానెల్‌లో వెళ్లిన రిక్వెస్ట్‌ని అక్కడికక్కడే మార్చి మళ్లీ పంపే బటన్ ఇంకో వరం. ఏపీఐ రాస్తున్నప్పుడు హెడర్ ఒకటి మార్చి చూడటానికి వేరే యాప్ తెరవక్కర్లేదు.

తెలుగు సైట్ కట్టేవాళ్లకి ఫైర్‌ఫాక్స్‌లోని ఫాంట్స్ ట్యాబ్ తప్పక పనికొస్తుంది. పేజీలో ఏ ముక్క నిజంగా ఏ ఫాంట్‌తో వచ్చిందో చూపిస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలు మీరు పెట్టిన ఫాంట్‌లో, తెలుగు అక్షరాలు సిస్టమ్ తనకి తోచిన ఫాంట్‌లో వచ్చాయని అక్కడే బయటపడుతుంది. అన్నట్టు, ఏ బ్రౌజర్‌లోనైనా ఒత్తులు కింద తెగిపోతున్నాయంటే దాన్ని బ్రౌజర్ మీదికి నెట్టకండి. ఇంగ్లిష్ కోసం గీసిన డిజైన్‌లో లైన్ హైట్ 1 దగ్గర పెట్టి, ఓవర్‌ఫ్లో హిడెన్ చేసి ఉంటారు. "స్త్రీ", "వస్త్రం", "జ్యోత్స్న" లాంటి మాటలు శీర్షికలో వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

సఫారీని తప్పించుకోలేం

డెవలపర్లకి ఎక్కువ టెన్షన్ పెట్టేది సఫారీ. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కొన్ని వారాలకోసారి వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. ఐఫోన్‌లో సఫారీ ఐఓఎస్‌తో ముడిపడి ఉంటుంది. కొత్త ఐఓఎస్ రాని పాత ఫోన్‌లో సఫారీ కూడా అక్కడే ఆగిపోతుంది. ఇంకో బ్రౌజర్ వేసుకుని తప్పించుకుందామంటే, ముందే చెప్పినట్టు, అదీ ఆ వెబ్‌కిట్ మీదే.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (టెక్స్ట్‌లో నమూనాలు వెతికే పద్ధతిలో) లుక్‌బిహైండ్ అనే, వెతికేదానికి ముందు ఏముందో చూసే వసతి క్రోమ్‌కి 2017లోనే వచ్చింది, సఫారీకి 2023 మార్చిలో, 16.4 వెర్షన్‌తో వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య ఎవరైనా తమ కోడ్‌లో ఒక్క లుక్‌బిహైండ్ రాస్తే, సఫారీ ఆ ఒక్క లైన్‌నే వదిలేసి ముందుకి పోయేది కాదు. అది సింటాక్స్ తప్పు కాబట్టి ఫైల్ మొత్తాన్నీ తిరస్కరించేది. సైట్ కోడ్ అంతా కలిపి కట్టిన బండిల్ ఒకే ఫైల్ అయితే ఐఫోన్‌లో తెల్ల పేజీ. రాసినవాళ్ల క్రోమ్‌లో అంతా బ్రహ్మాండం. ఆ లైన్ మీరు రాయకపోయినా, మీరు లాగిన లైబ్రరీలో ఉన్నా అదే గతి. పాత ఐఫోన్లలో ఈ సమస్య ఇప్పటికీ బతికే ఉంది.

నిత్యం ఎదురయ్యేవి ఇంకా ఉన్నాయి. ఫారమ్‌లో ఇన్‌పుట్ అక్షరాల సైజు 16 పిక్సెల్స్ కంటే తక్కువైతే, దాన్ని తాకగానే ఐఫోన్ సఫారీ పేజీని జూమ్ చేసేస్తుంది. ఎత్తు 100 వీహెచ్ (తెర ఎత్తు మొత్తం) అని పెడితే అడుగున ఉన్న బటన్ టూల్‌బార్ వెనక్కి పోతుంది, ఇప్పుడు డీవీహెచ్ అనే కొలత వచ్చాక ఈ బాధ తగ్గింది. సఫారీ వాడిన ఏడు రోజుల్లో ఆ యూజర్ మీ సైట్‌లో ఏమీ తాకకపోతే, లోకల్ స్టోరేజ్‌లో (ఆ బ్రౌజర్‌లోనే డేటా దాచే చోటులో) మీరు దాచింది చెరిపేస్తుంది. యూజర్ డ్రాఫ్ట్‌లని సర్వర్‌లో కాకుండా అక్కడే ఉంచే యాప్ రాస్తున్నవాళ్లు ఇది తెలియకుండా ముందుకెళ్లకూడదు.

సఫారీ ఎప్పుడూ వెనకే అనడం మాత్రం అన్యాయం. సీఎస్‌ఎస్‌లో లోపలున్నదాన్ని బట్టి బయటిదాన్ని ఎంచుకునే హ్యాజ్ సెలెక్టర్ ముందు వచ్చింది సఫారీలోనే, 2022 మార్చిలో. ఫైర్‌ఫాక్స్‌కి అది 2023 డిసెంబర్ దాకా రాలేదు. సబ్‌గ్రిడ్‌లో (లోపలి గ్రిడ్ బయటి గ్రిడ్ గీతలనే వాడుకునే వసతిలో) ఫైర్‌ఫాక్స్ 2019లోనే ముందుంటే, క్రోమ్ 2023లో అందుకుంది. అంటే ఎప్పుడు ఎవరు వెనకబడతారో చెప్పలేం. అందుకే ఏదైనా కొత్త వసతి వాడేముందు అది మూడు ఇంజిన్లలోనూ ఉందో లేదో ఎండీఎన్ (వెబ్ వసతులని వివరించే మొజిల్లా సైట్) పేజీలో పైన కనిపించే బేస్‌లైన్ గుర్తు చూసుకోవడం అలవాటు చేసుకోండి. వెబ్ పేజీ నేరుగా పరికరాలతో మాట్లాడేలా చేసే వెబ్‌యూఎస్‌బీ, వెబ్ బ్లూటూత్ లాంటివి సఫారీలో, ఫైర్‌ఫాక్స్‌లో లేవు. వాటి మీద ఆధారపడి కట్టే యాప్ క్రోమియం వాళ్లకి మాత్రమే అని ముందే అనుకోవాలి.

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో పైన ఐఫోన్ అని ఎంచుకుంటే ఐఫోన్‌లో పరీక్షించినట్టే అని కొత్తవాళ్లు అనుకుంటారు. అది తెర కొలతలని మార్చి, తాను ఐఫోన్ అని సైట్‌కి చెప్తుంది. గీసేది బ్లింకే. పైన చెప్పిన గొడవల్లో ఒక్కటి కూడా అక్కడ కనిపించదు.

మ్యాక్, ఐఫోన్ రెండూ ఉంటే పని తేలిక. ఐఫోన్ సెట్టింగ్స్‌లో సఫారీ అడ్వాన్స్‌డ్ కింద వెబ్ ఇన్‌స్పెక్టర్ ఆన్ చేసి, కేబుల్ పెట్టి, మ్యాక్ సఫారీలోని డెవలప్ మెనూలో ఆ ఫోన్‌ని ఎంచుకోవాలి. మ్యాక్ లేనివాళ్లకి విండోస్ సఫారీ 2012లోనే ఆగిపోయింది, దాన్ని వెతికి వేసుకోకండి. బదులుగా బ్రౌజర్లలో సైట్లని పరీక్షించే ప్లేరైట్ టూల్‌తో పాటు వచ్చే వెబ్‌కిట్ విండోస్‌లోనూ, లినక్స్‌లోనూ నడుస్తుంది. లేఅవుట్ తేడాలు, స్క్రిప్ట్ ఎర్రర్లు చాలావరకు అక్కడే దొరుకుతాయి. కీబోర్డ్ పైకి వచ్చినప్పుడు పేజీ ఎలా జరుగుతుంది, వేలితో లాగితే ఎలా ఉంటుంది అనే వాటికి అసలు ఫోన్ కావాల్సిందే. విడుదలకి ముందు ఎవరి ఐఫోనైనా పది నిమిషాలు అడిగి తీసుకోండి.

ఎవరికి ఏది

విండోస్‌లో మామూలు వాడకమే ఉన్నవాళ్లకి: ఫైర్‌ఫాక్స్ వేసుకుని యూబ్లాక్ ఆరిజిన్ పెట్టండి, మొండికేసే సైట్లకి ఎడ్జ్ ఉండనే ఉంది. సెట్టింగ్స్ అంటేనే చిరాకైతే బ్రేవ్. మ్యాక్, ఐఫోన్ రెండూ ఉంటే సఫారీనే సుఖం, పాస్‌వర్డ్‌లు, ట్యాబ్‌లు వాటంతటవే అటూ ఇటూ వెళ్తాయి. గూగుల్ ఖాతాలోనే బతుకంతా ఉన్నవాళ్లు క్రోమ్ వదలడానికి గట్టి కారణం లేకపోతే వదలనక్కర్లేదు, యూబ్లాక్ లైట్ పెట్టుకుంటే చాలు.

డెవలపర్లు సీఎస్‌ఎస్ రాసేటప్పుడు ఫైర్‌ఫాక్స్, వేగం పట్టి చూసేటప్పుడు క్రోమ్, పూర్తయ్యాక వెబ్‌కిట్. క్రోమ్‌లో మొదలుపెట్టి క్రోమ్‌లోనే ముగిస్తే, చూసినవాళ్లలో కొందరికి పేజీ విరిగిపోతుంది, వాళ్లు మీకు చెప్పరు, వెళ్లిపోతారు.

ఏది ఎంచుకున్నా ఎక్స్‌టెన్షన్లు తక్కువ పెట్టుకోండి. "అన్ని సైట్లలోని డేటాని చదవగలదు, మార్చగలదు" అనే అనుమతి ఇస్తున్నారంటే బ్యాంక్ పేజీ కూడా అందులో ఉన్నట్టే. పాత ట్యాబ్‌లని ఆపి ఉంచే గ్రేట్ సస్పెండర్‌ని ఎంతోమంది నమ్మకంగా వాడారు. అది చేతులు మారాక అందులో హానికరమైన కోడ్ ఉందంటూ 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని తొలగించింది. వేసుకున్న రోజు మంచిదైన ఎక్స్‌టెన్షన్ ఎప్పటికీ మంచిదే అని లేదు.

మారాలనుకుంటే బుక్‌మార్క్‌లు, హిస్టరీ కొత్త బ్రౌజర్ ఇంపోర్ట్ చేసుకుంటుంది, అది రెండు నిమిషాల పని. పాస్‌వర్డ్‌లని నేరుగా తీసుకోలేకపోతే పాత బ్రౌజర్ నుంచి సీఎస్‌వీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ ఎక్కించాలి. ఆ ఫైల్‌కి తాళం ఉండదు, తెరిచిన ఎవరికైనా అన్ని పాస్‌వర్డ్‌లూ అక్షరం అక్షరం కనిపిస్తాయి. ఎక్కించిన వెంటనే దాన్ని డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్‌కి సింక్ అవుతుంటే అక్కడి నుంచి కూడా తీసేయండి. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్ర, పిన్ లాంటి వాటితో లాగిన్ అయ్యే తాళాలు) మాత్రం ఆ ఫైల్‌లో రావు, వాటిని సైట్ సైట్‌కీ వెళ్లి కొత్తగా పెట్టుకోవాల్సి రావచ్చు. అందుకే పాత బ్రౌజర్‌ని ఒక నెల పాటు తీసేయకుండా అలాగే ఉంచండి.